వీసీ కావాలంటే ఇప్పటి నుంచి ఏం చేయాలి? ఆ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుంది?

అడిగినావిడ హైదరాబాద్‌లోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. వయసు 35, పీహెచ్‌డీతోనే చేరారు, చేరి నాలుగేళ్లయింది. ఎప్పటికైనా ఒక విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కావాలని కోరిక. దానికి దారేంటి, పైరవీ లేకుండా అయ్యే పనేనా, అయ్యాక జీవితం ఎలా ఉంటుంది అని అడిగారు.

నేను ప్రొఫెసర్‌ని కాదు. ఇక్కడే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, పరీక్షల విభాగం, అకడమిక్ సెక్షన్, వీసీ పేషీ అన్నీ తిరిగి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యాను. చాలామంది వీసీలకు ఫైళ్లు పెట్టినవాడిని. ఆ టేబుల్‌కి ఇవతలి వైపు నుంచి చూసింది చెప్తాను.

సూటిగా చెప్పాలంటే: కావచ్చమ్మా. కానీ ఇంకా ఇరవై ఏళ్ల ప్రయాణం ఉంది. ఆ ఇరవై ఏళ్లలో ఎవరూ కోరి తీసుకోని చిన్న పదవుల్లో మీరు ఏం నేర్చుకున్నారన్నదే రేపు మిమ్మల్ని మంచి వీసీని చేస్తుంది. వార్డెన్, హెడ్, పరీక్షల కంట్రోలర్, ప్రిన్సిపాల్, రిజిస్ట్రార్ లాంటి వాటిలో కనీసం రెండయినా చేయకుండా ఆ కుర్చీలోకి వచ్చినవాళ్లకు మొదటి ఏడాదంతా నేర్చుకోవడానికే సరిపోవడం చూశాను. ఇక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వీసీకి ఉండేదే మూడేళ్లు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్లు.

ముందు లెక్క చూద్దాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. లేదంటే పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యా పాలన సంస్థలోనో పదేళ్లు పనిచేసి, విద్యారంగంలో నాయకత్వం వహించినట్టు రుజువు చూపాలి. పీహెచ్‌డీతో చేరినవాళ్లకు క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) ప్రమోషన్లలో మెట్టుకు మెట్టుకు నాలుగు, అయిదు, మూడు, మూడు, మొత్తం పదిహేనేళ్లు పడుతుంది. 31 ఏళ్లకు చేరారు కాబట్టి అన్నీ వేళకు జరిగితే 46కు ప్రొఫెసర్, 56కు వీసీ అర్హత. అన్నీ వేళకు జరగడం అరుదు. కాబట్టి ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు ఏ స్టేజీవి ఆ స్టేజీలోనే పూర్తి చేసి సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఒక్క రిఫ్రెషర్ కోర్సు ఆలస్యమై ప్రొఫెసర్ తేదీ వెనక్కి జరిగి, నోటిఫికేషన్ వచ్చిన రోజుకు పదేళ్లు నిండక ఆగిపోయిన మంచి ప్రొఫెసర్ ఒకాయన నాకు తెలుసు.

ఆ పదేళ్ల దగ్గర సర్దుబాటు ఏదో ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2022లో సుప్రీంకోర్టు గుజరాత్, కేరళ, ఉత్తరాఖండ్ రాష్ట్రాల్లో ఒక్కో వీసీ నియామకాన్ని యూజీసీ నిబంధనలకు విరుద్ధమని వరుసగా తప్పుబట్టింది. ఉత్తరాఖండ్ కేసులో ప్రధాన సమస్య ఈ పదేళ్ల అనుభవమే. కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం కేసులో, వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీ కొన్ని పేర్ల ప్యానెల్ ఇవ్వాల్సిన చోట ఒక్క పేరే పంపింది. 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా తెచ్చింది. అందులో పరిశ్రమల నుంచి, ప్రభుత్వ పాలన నుంచి వచ్చినవాళ్లకూ తలుపు తెరవాలన్న ప్రతిపాదన ఉంది. చాలా రాష్ట్రాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. మీరు అర్హత సాధించే నాటికి ఏ నిబంధన ఉంటుందో దాన్నే చూస్తారు కాబట్టి వీటిని గమనిస్తూ ఉండండి.

ఇక పైరవీ. అది లేదని అబద్ధం చెప్పను. రాష్ట్రంలో పద్ధతి ఇదీ: ముగ్గురితో సెర్చ్ కమిటీ వేస్తారు. ఒకరు పాలక మండలి తరఫున, ఒకరు యూజీసీ ఛైర్మన్ తరఫున, ఒకరు ప్రభుత్వం తరఫున. వాళ్లు మూడు పేర్లకు తగ్గకుండా ప్యానెల్ ఇస్తే ఛాన్సలర్, అంటే గవర్నర్, అందులోంచి ఒకరిని నియమిస్తారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో విజిటర్ హోదాలో రాష్ట్రపతి నియమిస్తారు. నోటిఫికేషన్ పడితే వందల మంది ప్రొఫెసర్లు దరఖాస్తు చేస్తారు. అందులోంచి మూడు పేర్లకు రావడంలో సామాజిక సమీకరణలు, ప్రాంతం, ప్రభుత్వానికి ఎవరి మీద నమ్మకం ఉంది, ఇవన్నీ పనిచేస్తాయి. వాటిని మీరు మార్చలేరు.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. కమిటీలో కూర్చునే ముగ్గురిలో ఒక్కరికైనా మీ పని ముందే తెలిసి ఉండాలి. అది ఫోన్లు చేయిస్తే వచ్చేది కాదు. వేరే విశ్వవిద్యాలయాల్లో సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎక్స్‌టర్నల్ మెంబర్‌గా వెళ్లండి. థీసిస్ పంపితే నెలలో రిపోర్టు తిప్పి పంపండి. విద్యాసంస్థల నాణ్యతకు గ్రేడింగ్ ఇచ్చే న్యాక్ పనిలో అవకాశం వస్తే వదులుకోకండి. ఆ ప్రయాణాల్లో, ఆ సమావేశాల్లో మిమ్మల్ని చూసినవాళ్లే పదేళ్ల తర్వాత సెర్చ్ కమిటీల్లో ఉంటారు. వైవాకు వచ్చి అభ్యర్థిని గౌరవంగా ప్రశ్నలడిగి, టీఏ బిల్లు గురించి రభస చేయకుండా వెళ్లిన ఎగ్జామినర్ పేరు మా ఆఫీసుల్లో చాలాకాలం గుర్తుంటుంది. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ మనిషి మీద అభిప్రాయం ఇక్కడే ఏర్పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, చిన్న పదవులు.

నేను పనిచేసిన వీసీల్లో ఒకాయన అంతకుముందు పరీక్షల కంట్రోలర్‌గా చేశారు. ఒక ఏడాది డిగ్రీ ఫలితాలు ఆగిపోయాయి. బయట గేటు దగ్గర విద్యార్థులు ధర్నా, లోపల కంట్రోలర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పీజీ అడ్మిషన్లకు గడువు దగ్గరపడుతోంది. వీసీ గారు కంట్రోలర్‌ని పిలిచి తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు: "ఇంటర్నల్స్ రాని కాలేజీలు ఎన్ని?" జాబితా తెప్పిస్తే అవి పట్టుమని పది కూడా లేవు. అనుబంధ కాలేజీల్లో కొన్ని ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ చేయకపోవడం వల్ల మొత్తం ట్యాబ్యులేషన్, అంటే మార్కులన్నీ కలిపి ఫలితాలు తయారుచేసే పని, ఆగింది. ఆ కాలేజీల ఫలితాలు మాత్రం విత్‌హెల్డ్‌లో పెట్టి మిగతావి ఆ రాత్రికే ఇచ్చేయమన్నారు. ఇచ్చేశారు. ఆగిన కాలేజీల యాజమాన్యాలు మర్నాడు పొద్దున్నే మార్కుల షీట్లు పట్టుకుని వరండాలో నిలబడ్డాయి.

ఇలాంటి పరిస్థితే ఇంకో వీసీ హయాంలోనూ వచ్చింది. ఆయన గొప్ప శాస్త్రవేత్త, మంచి మనిషి కూడా. కానీ జవాబు పత్రాల కోడింగ్ (నంబరు కనబడకుండా కోడ్ వేయడం), స్పాట్ వాల్యుయేషన్ (దిద్దడం), డీకోడింగ్, మోడరేషన్ (మార్కులు సరిచూడటం) ఏ వరుసలో జరుగుతాయో ఆయనకు ఎప్పుడూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. దాంతో ఒక కమిటీ వేశారు. కమిటీ కూర్చుని రిపోర్టు ఇచ్చేసరికి పిల్లలకు వేరే చోట సీట్లు పోయాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు, ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివినవాళ్లు. మెమో కోసం కౌంటర్ దగ్గర వాళ్లు నిలబడ్డ తీరు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను: పరీక్షల విభాగంలో అడిషనల్ కంట్రోలర్‌గానైనా ఒకసారి పనిచేయండి. క్యాంపస్‌లో ఎవరూ కోరుకోని పోస్టు అది. రాత్రిళ్లు ఉండాలి, పరిశోధన వెనకబడుతుంది, పేరు రాదు. కానీ విశ్వవిద్యాలయం అనేది ఏ పనికి ఉందో అక్కడ కనిపిస్తుంది.

హాస్టల్ వార్డెన్ పని కూడా అంతే. మెస్ బకాయిలు, బియ్యం సరఫరా, స్కాలర్‌షిప్పులు ఎప్పుడొస్తాయి, నీళ్ల ట్యాంకర్ ఎవరు పంపాలి, గడువు దాటినా గది ఖాళీ చేయనివాళ్లతో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ తెలిసిన మనిషి వీసీ అయితే ధర్నా వచ్చినప్పుడు పోలీసులను పిలిచే ముందు తనే కిందికి దిగి వస్తారు. దిగి వచ్చి ఒప్పుకోగలిగింది ఒప్పుకుని, కుదరనిది కుదరదని చెప్పేవారిని విద్యార్థులు గౌరవించడమే చూశాను. పై అంతస్తులో కూర్చుని "ప్రతినిధులను పంపమనండి" అనేవారికి ఆ గౌరవం దక్కలేదు.

ఫైళ్ల గురించి కొంచెం చెప్పాలి. వీసీ జీవితంలో సగం అదే. పొద్దున పేషీలో అటెండర్ తపాలు ప్యాడ్, దాని పక్కన ఫైళ్ల దొంతర పెడతాడు. ఎర్ర ట్యాగు, పైన "అర్జెంట్" స్లిప్పు. దాదాపు అన్నింటి మీదా అదే స్లిప్పు ఉంటుంది. నోట్ ఫైలులో సెక్షన్ అసిస్టెంట్ నుంచి రిజిస్ట్రార్ దాకా ఒకరి కింద ఒకరు సంతకం పెట్టి, ఎవరూ ఏమీ తేల్చకుండా "ఆదేశాల కోసం సమర్పించడమైనది" అని పైకి తోస్తారు. వీసీ దాని మీద "డిస్కస్" అని రాసి కిందికి పంపితే ఆ ఫైలు మళ్లీ అన్ని మెట్లూ దిగి, మళ్లీ ఎక్కి రావాలి. "డిస్కస్" అని రాయడం చాలామందికి అలవాటు. నేను చూసినవాళ్లలో ఒక వీసీ గారు మాత్రం అనుమానం వస్తే అప్పటికప్పుడే సెక్షన్ ఆఫీసర్‌ని పిలిచేవారు. కుర్చీ చూపించి కూర్చోబెట్టి, రూల్ ఏంటో అడిగి, ఎందుకు ఒప్పుకుంటున్నానో లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో రెండు లైన్లు రాసి సంతకం పెట్టేవారు. కారణం రాసిన ఆదేశమే మిమ్మల్ని కాపాడుతుంది. ఆడిట్ అభ్యంతరాలు పదవి దిగిపోయాక వస్తాయి. కోర్టు కేసులు ఇంకా ఆలస్యంగా వస్తాయి. అప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ రెండు లైన్లే.

వీసీకి భద్రత అంతా ప్రభుత్వం దయ మీదే ఉంటుందని మీ తోటివాళ్లు అంటూ ఉండవచ్చు. మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒక కేసు ఈ పదవి గురించి ఆలోచించే ప్రతివాళ్లూ చదవాలి. ఉస్మానియాకు డాక్టర్ డి.ఎస్.రెడ్డి గారు 1957 నుంచి వీసీ. 1964లో మళ్లీ అయిదేళ్లకు నియమించారు. 1966లో ప్రభుత్వం ఉస్మానియా చట్టాన్ని సవరించి పదవీకాలాన్ని మూడేళ్లకు తగ్గించింది. అదే ఏడాది ఇంకో సవరణ తెచ్చి, అప్పటికి పదవిలో ఉన్న వీసీ తొంభై రోజుల్లో జరిగే కొత్త నియామకంతో దిగిపోవాలని 13-ఎ అనే సెక్షన్ చేర్చింది. అప్పటికి పదవిలో ఉన్నది ఆయనొక్కరే. ఆయన కోర్టుకు వెళ్లారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1967లో ఆ సెక్షన్‌ను రాజ్యాంగంలోని 14వ అధికరణానికి, అంటే సమానత్వ హక్కుకు, విరుద్ధమని కొట్టేసింది. మిగతా వీసీలను తొలగించాలంటే న్యాయమూర్తి స్థాయి వ్యక్తితో విచారణ జరపాలని చట్టమే చెబుతున్నప్పుడు, ఈ ఒక్కరికి ఆ రక్షణ లేకుండా చేయడం వివక్ష అన్నది ఆ తీర్పు సారాంశం. ఆయన 1969 దాకా కొనసాగారు. ఈ తీర్పు నాకు ఎందుకంత ఇష్టమంటే, వీసీ అనేవారు ప్రభుత్వ శాఖలో ఇంకో అధికారి కాదని అందులో నాకు కనిపిస్తుంది.

దిగిపోవాల్సిన చోట దిగిపోయిన ఉదాహరణ కూడా మనకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు శాసనోల్లంఘన ఉద్యమంపై బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కుర్చీలో ఉన్నారు. 1936లో మళ్లీ రెడ్డి గారే వచ్చి 1949 వరకు నడిపారు. అన్నేళ్లు చేతిలో ఉంటే ఒక సంస్థను కట్టవచ్చు. ఇప్పుడు అంత సమయం ఎవరికీ లేదు.

తక్కువ సమయంలో ఎలా పనిచేయాలో తెలియాలంటే ప్రొఫెసర్ జి.రాంరెడ్డి గారి దారి చూడండి. పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆయన సబ్జెక్టు. ఉస్మానియా వీసీగా చేశారు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయం ఇక్కడ హైదరాబాద్‌లో మొదలైనప్పుడు దానికి తొలి వీసీ ఆయనే. ఇప్పుడు దాన్ని డాక్టర్ బీ.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. 1985లో జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో మొదలైతే దానికీ తొలి వీసీ ఆయనే. తర్వాత యూజీసీ ఛైర్మన్ అయ్యారు. ఇందులో నాకు కనిపించేది ఏంటంటే, ఆయన ఒక్క పనిని పట్టుకున్నారు: కాలేజీ గుమ్మం తొక్కలేని మనిషికి డిగ్రీ అందించడం. ఒక్కో పదవిలో ఆ పనినే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. మీరు వీసీ అయ్యాక ఇరవై పనులు మొదలుపెట్టకండి. మొదటి నెలలోనే రెండు ఎంచుకోండి. నేను చూసిన మూడేళ్ల పదవీకాలాల్లో మొదటి ఏడాది సమస్యలు తెలుసుకోవడంలో, మూడో ఏడాది చివరి ఆరు నెలలు "వీళ్లు ఎలాగూ వెళ్లిపోతారు కదా" అని కింది వాళ్లు ఫైళ్లు ఆపడంలో గడిచిపోతాయి. పని జరిగేది మధ్యలోనే. ఆ పైన కొత్తవారు వెంటనే రాకపోతే మొదలుపెట్టిన పని గాల్లో ఉంటుంది. 2024 మేలో తెలంగాణలో పది విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిస్తే, అక్టోబరులో కొత్తవారి నియామకాలు మొదలయ్యేదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జిలుగా నడిపారు.

డబ్బు విషయం క్లుప్తంగా. ఏడో వేతన సంఘం తర్వాత వీసీ జీతం నెలకు 2,10,000 రూపాయలు, దాని మీద ప్రత్యేక అలవెన్సు 11,250. కారు, ఉండటానికి అధికారిక బంగ్లా, సిబ్బంది ఉంటారు. సీనియర్ ప్రొఫెసర్ జీతానికీ దీనికీ పెద్ద తేడా లేదు కాబట్టి జీతం కోసం ఎవరూ రారు, మీరూ రావద్దు. విశ్వవిద్యాలయం డబ్బు వేరే కథ. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు చాలాచోట్ల జీతాలకు, పెన్షన్లకే చాలదు. నెలాఖరులో ఫైనాన్స్ ఆఫీసర్ లోపలికి వచ్చి తలుపు వేశారంటే మాకు అర్థమైపోయేది. పరీక్ష ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య, అనుబంధ కాలేజీల నుంచి వచ్చే డబ్బు, వీటితో సర్దుకుంటూ రావాలి. బడ్జెట్ చదవడం ఇప్పుడే నేర్చుకోండి. మీ విశ్వవిద్యాలయం వార్షిక ఖాతాలు, ఆడిట్ రిపోర్టు తెచ్చుకుని ఒక సెలవు రోజున కూర్చుని చదవండి. సైన్స్ వాళ్లయినా సాహిత్యం వాళ్లయినా ఇది తప్పదు.

ఇంటి విషయానికొస్తే, ఆ మూడేళ్లో అయిదేళ్లో మీవి కావు. తెల్లవారుజామున హాస్టల్ నుంచి ఫోన్, పొద్దున సచివాలయం, మధ్యాహ్నం సెలక్షన్ కమిటీ, సాయంత్రం ఎవరిదో పుస్తకావిష్కరణ, రాత్రి ఇంటికొచ్చాక మర్నాటి పాలక మండలి అజెండా. పెళ్లిళ్లకు వెళితే పలకరించే ప్రతి ఇద్దరిలో ఒకరి చేతిలో ట్రాన్స్‌ఫర్ కాగితమో అడ్మిషన్ కాగితమో ఉంటుంది. బంధువుల్లో కొందరికి కోపాలు వస్తాయి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ఒక మేడం గారు వీసీగా ఉన్నన్నాళ్లూ ఇంటికి వచ్చేవాళ్లను ఆఫీసు పని మీద అసలు కలవలేదు. గేటు దగ్గరే "పేషీకి రండి" అని చెప్పించేవారు. మొదట్లో గర్వమన్నారు, తర్వాత అదే పద్ధతిగా అలవాటైపోయింది. ఆవిడ వారానికి ఒక క్లాసు కూడా చెప్పేవారు. క్లాసు ఉన్న గంటలో మేం ఏ మీటింగూ పెట్టకూడదు. దిగిపోయిన మర్నాడే తన విభాగానికి వెళ్లి టైమ్ టేబుల్ అడిగారు. పదవి పోయాక ఫోన్లు మోగక దిగాలుపడిన పెద్దవాళ్లను చాలామందిని చూశాను. క్లాసు వదలనివాళ్లకు ఆ ఇబ్బంది రాలేదు.

ఈ ఏడాది మీరు చేయగలిగింది చెప్పనా? మీ దగ్గర పీహెచ్‌డీ అడ్మిషన్ల కమిటీకో, పరీక్షల పర్యవేక్షణకో, ఐక్యూఏసీకో (విశ్వవిద్యాలయం లోపలే నాణ్యత చూసే విభాగం) మనుషులు కావాలని సర్క్యులర్ వస్తే ముందు మీ పేరు ఇవ్వండి. ఐక్యూఏసీ అయితే ఇంకా మంచిది, అన్ని విభాగాల లెక్కలూ ఒకచోట కనిపిస్తాయి. మీ సబ్జెక్టు ఏంటో, ఇప్పటిదాకా ఏ బాధ్యతలు చూశారో రాస్తే, తర్వాతి అయిదేళ్లకు ఏ వరుసలో వెళితే బాగుంటుందో నాకు తెలిసినంతలో చెప్తాను.